ఆంప్ కొనకుండా, చెవులు నొప్పి పుట్టకుండా: ఎక్కువసేపు వినడానికి హెడ్‌ఫోన్స్ ఎంచుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో నేరుగా జాక్ గుచ్చి, రోజూ గంటల తరబడి పెట్టుకునే వైరు హెడ్‌ఫోన్స్ కొనబోయేవాళ్లు అడిగే ప్రశ్నలివి. శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్ (ఆంప్) విడిగా కొనే ఉద్దేశం లేదు, ఖర్చు అందుబాటులో ఉండాలి, సాయంత్రానికి చెవులు మండకూడదు. ఈ మూడు షరతులకూ లోబడే జవాబులు రాశాను.

ముందు శబ్దం చూడాలా, సౌకర్యం చూడాలా?

సౌకర్యం. ఇందులో నాకు రెండో మాట లేదు. ట్రెబుల్ (సన్నటి పైస్థాయి శబ్దాలు) కాస్త ఎక్కువైతే ఈక్వలైజర్ యాప్‌లో తగ్గించుకోవచ్చు, బేస్ (లోతైన కిందిస్థాయి శబ్దాలు) చాలకపోతే పెంచుకోవచ్చు. నడినెత్తిని నొక్కుతున్న బ్యాండుకు మాత్రం ఏ యాప్‌లోనూ స్లైడర్ ఉండదు. పైగా చెవి కొత్త శబ్దానికి కొద్ది రోజుల్లోనే అలవాటు పడుతుంది, ఒత్తిడికి అలా అలవాటు పడదు. మొదటి పది నిమిషాల్లో "కొంచెం బిగువుగా ఉందే" అనిపించింది రెండో గంటకల్లా తలనొప్పిగా మారుతుంది.

చాలా సమీక్షల్లో శబ్దం గురించి పేజీలకు పేజీలు ఉంటాయి, సౌకర్యం గురించి చివర్లో ఒక వాక్యం. మీరు ఆ వాక్యం దగ్గర మొదలుపెట్టి వెనక్కి చదవండి.

ఆంప్ లేకుండా సరిపడా బిగ్గరగా పలుకుతుందని కొనకముందే ఎలా తెలుసుకోవాలి?

స్పెసిఫికేషన్లలో రెండు అంకెలు ఉంటాయి: ఇంపీడెన్స్, సెన్సిటివిటీ. మొదటిది హెడ్‌ఫోన్ కరెంటును ఎంత అడ్డుకుంటుందో ఓమ్‌లలో చెబుతుంది, రెండోది ఎంత బిగ్గరగా పలుకుతుందో డెసిబెల్స్‌లో. చాలామంది మొదటిదాన్ని చూసి ఆగిపోతారు. అసలు సమాధానం రెండోదాంట్లో ఉంది.

ఫోన్, ల్యాప్‌టాప్ ఇచ్చేది వోల్టేజీ. కాబట్టి మనకు కావలసిన లెక్క ఒక్కటే: ఒక వోల్ట్ ఇస్తే ఈ హెడ్‌ఫోన్ ఎన్ని డెసిబెల్స్ పలుకుతుంది? దీన్నే వోల్ట్‌కు డెసిబెల్స్ అని రాస్తారు. నా కొలబద్ద ఇది. 110 లేదా పైన ఉంటే దాదాపు ఏ ఫోనైనా చాలు. 105 నుంచి 110 మధ్య ఉంటే సాధారణంగా సరిపోతుంది గానీ, మెల్లగా రికార్డయిన శాస్త్రీయ సంగీతమో పాత ఉపన్యాసమో వినేటప్పుడు వాల్యూమ్ చివరి దాకా వెళ్లొచ్చు. 100 నుంచి 105 మధ్య ఉన్నవి మీ పరికరం మీద ఆధారపడి ఉంటాయి. 100 కంటే తక్కువ ఉన్నదాన్ని ఆంప్ లేకుండా కొనొద్దు.

ఈ అంకెలు ఎలా వచ్చాయంటే: ప్రశాంతంగా ఉన్న గదిలో హాయిగా వినే స్థాయి సగటున 70 నుంచి 75 డెసిబెల్స్. పాటలో డ్రమ్ము దెబ్బ, గొంతు పైస్థాయికి వెళ్లడం లాంటి క్షణాలు సగటు కంటే 15, 20 డెసిబెల్స్ పైన ఉంటాయి. అంటే శబ్దం పగలకుండా 95 దాకా అందుకోగలిగితే పని జరుగుతుంది. వోల్ట్‌కు 105 పలికే హెడ్‌ఫోన్‌ను ఒక వోల్ట్ ఇచ్చే ఫోన్‌కు తగిలిస్తే ఇంకా 10 డెసిబెల్స్ చేతిలో ఉంటాయి. ఫోన్ అర వోల్టే ఇస్తే అందులో 6 పోయి, 4 మిగులుతాయి.

"32 ఓమ్‌లు ఉంటే ఆంప్ అక్కర్లేదు, 100 దాటితే కావాలి" అంటారు కదా?

అంటారు. ఆ సూత్రం సగం నిజం, మిగతా సగమే డబ్బు పోగొడుతుంది.

సెన్‌హైజర్ హెచ్‌డీ 599 ఇంపీడెన్స్ 50 ఓమ్‌లు, వోల్ట్‌కు 106 డెసిబెల్స్. అదే కంపెనీ హెచ్‌డీ 560ఎస్ 120 ఓమ్‌లు, వోల్ట్‌కు 110. ఓమ్‌లు రెట్టింపు కంటే ఎక్కువున్నదే అదే ఫోన్ మీద బిగ్గరగా పలుకుతుంది. ఇంకో జత చూడండి. ఏకేజీ కే702 ఇంపీడెన్స్ 62 ఓమ్‌లే, కానీ వోల్ట్‌కు 105 మాత్రమే పలుకుతుంది. ఆంప్ లేనిదే ముట్టుకోవద్దని పేరుపడ్డ 300 ఓమ్‌ల హెచ్‌డీ 650 వోల్ట్‌కు 103. రెండింటి మధ్య తేడా రెండే డెసిబెల్స్. ఓమ్‌లు మాత్రం దాదాపు అయిదు రెట్లు వేరు.

అయితే ఒకే మోడల్ వేర్వేరు ఓమ్‌లలో వచ్చినప్పుడు ఆ పాత సూత్రం బాగా పనిచేస్తుంది. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 32, 80, 250 ఓమ్‌లలో వస్తుంది. ఆంప్ కొననివాళ్లు 32 గానీ 80 గానీ తీసుకోవాలి. 250 ఓమ్‌లది గొప్పదనే ప్రచారం విని దాన్ని ఫోన్‌కు తగిలించి "పెద్ద పేరు, పిసరంత శబ్దం" అని తిట్టుకునేవాళ్లకు కొదవ లేదు.

స్పెసిఫికేషన్‌లో మిల్లీవాట్‌కు డెసిబెల్స్ అని రాశారు. వోల్ట్‌లోకి ఎలా మార్చాలి?

కాలిక్యులేటర్ అక్కర్లేదు. 32 ఓమ్‌లకు 15 కలపండి. ఓమ్‌లు రెట్టింపు అయిన ప్రతిసారీ ఆ కలిపే అంకెలోంచి 3 తీసేయండి. అంటే 16 ఓమ్‌లకు 18, 32కు 15, 64కు 12, 125 దగ్గర 9, 250కి 6, 500కు 3. మధ్యలో పడేవాటికి ఉజ్జాయింపు చాలు.

ఉదాహరణకు ఆడియో టెక్నికా ఏటీహెచ్-ఎం40ఎక్స్: 35 ఓమ్‌లు, 98 డెసిబెల్స్. 15కు కాస్త తక్కువ కలిపితే వోల్ట్‌కు 112, 113 మధ్య వస్తుంది. నిశ్చింతగా ఫోన్‌కు పెట్టుకోవచ్చు. డీటీ 770 ప్రోకు మిల్లీవాట్‌కు 96 డెసిబెల్స్. 32 ఓమ్‌లదానికి 15 కలిపితే 111, 80 ఓమ్‌లదానికి 11 కలిపితే 107, 250 ఓమ్‌లదానికి 6 కలిపితే 102. పై ప్రశ్నలో చెప్పింది ఇక్కడ అంకెల్లో కనిపిస్తోంది. రెండో కొసన హైఫైమ్యాన్ హెచ్ఈ-6 ఉంది: 50 ఓమ్‌లు, 83.5 డెసిబెల్స్. 13 కలిపినా 97 దాటదు. ఓమ్‌లు చూస్తే అమాయకంగా కనిపించే ఈ మోడల్ ఫోన్ మీద గుసగుసలాడుతుంది.

అసలు ఏ కొలమానమో రాయకుండా ఉత్త "100 డీబీ" అని వదిలేస్తే? అది మిల్లీవాట్‌కు అయ్యే అవకాశం ఎక్కువ. అయినా ఆ అంకె మీద అంతగా ఆధారపడకుండా, మీలాంటి ఫోన్‌తోనే వాడుతున్నవాళ్లు వాల్యూమ్ ఎంత పెట్టాల్సి వస్తోందని చెబుతున్నారో వెతకండి.

నా ఫోన్‌కు హెడ్‌ఫోన్ రంధ్రమే లేదు. డాంగుల్ కూడా ఆంప్ కిందకే వస్తుందా?

సాంకేతికంగా వస్తుంది. చిన్న యూఎస్‌బీ-సీ డాంగుల్‌లో డిజిటల్‌ను శబ్దంగా మార్చే చిప్, దానితోపాటు బుల్లి ఆంప్ రెండూ ఉంటాయి. కానీ జేబులో పట్టేది, చార్జింగ్ అడగనిది, అతి తక్కువ ధరకు దొరికేది కాబట్టి దీన్ని ఆంప్ కొనడంగా నేను లెక్కపెట్టను.

ఒక జాగ్రత్త ఉంది. కొన్ని డాంగుల్స్‌లో చిప్ ఉండదు, తీగలు మాత్రమే ఉంటాయి. యూఎస్‌బీ-సీ పోర్టు నుంచి నేరుగా అనలాగ్ శబ్దం బయటికిచ్చే ఫోన్లలోనే అవి పనిచేస్తాయి. మీ ఫోన్ అలాంటిదో కాదో తెలియకపోతే చిప్ ఉన్నదే తీసుకోండి, అది దాదాపు అన్నిటిలోనూ నడుస్తుంది. ఆపిల్ యూఎస్‌బీ-సీ డాంగుల్ చాలామంది సిఫార్సు చేసేది. గరిష్ఠంగా ఒక వోల్ట్ దాకా ఇస్తుంది, యూరప్‌లో అమ్మేది మాత్రం అందులో సగమే. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లతో ఈ డాంగుల్ పూర్తి వాల్యూమ్‌కు చేరదు, ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ల్యాప్‌టాప్‌లు సాధారణంగా ఫోన్ల కంటే ఉదారంగా ఉంటాయి. 2021 నుంచి వచ్చిన మ్యాక్‌బుక్ ప్రోలు తగిలించినదాని ఇంపీడెన్స్ పసిగట్టి, 150 ఓమ్‌ల లోపైతే 1.25 వోల్టుల దాకా, ఆ పైనైతే 3 వోల్టుల దాకా ఇస్తాయి. అలాంటి యంత్రం మీ దగ్గరుంటే 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కూ ఆంప్ ఊసెత్తక్కర్లేదు.

బిగ్గరగానే వినిపిస్తోంది. అయినా ఆంప్ పెడితే శబ్దం విశాలమవుతుందంటారు, నిజమా?

వాల్యూమ్ పెంచితే అన్నీ మెరుగ్గానే వినిపిస్తాయి. పోల్చి చూసేటప్పుడు రెండింటినీ ఒకే బిగ్గరలో పెట్టకపోతే ఎప్పుడూ కాస్త గట్టిగా మోగినదే గెలుస్తుంది. ఆ తేడా తీసేశాక మిగిలేది చాలా కొద్ది.

నిజంగా ఆంప్ కావాలనడానికి గుర్తులు రెండే. వాల్యూమ్ చివరికి పెట్టినా చాలకపోవడం, లేదా ఆ చివరలో బేస్ పగిలినట్టు, బురబురమన్నట్టు రావడం. ఈ రెండూ లేకపోతే ఆంప్‌కు పెట్టే డబ్బును మెత్తటి ప్యాడ్‌ల మీద పెట్టండి.

మూడో సందర్భం అరుదు. పాత రిసీవర్లు, కొన్ని మిక్సర్ల హెడ్‌ఫోన్ జాక్‌కు అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువుంటుంది, ఒక్కోసారి 100 ఓమ్‌లు దాటుతుంది. తక్కువ ఓమ్‌ల హెడ్‌ఫోన్ అక్కడ పెడితే బేస్ ఉబ్బి మందంగా వినిపించవచ్చు. జాక్ వైపు ఇంపీడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకూడదనేది వాడుకలో ఉన్న సూత్రం. ఇప్పటి ఫోన్లు, డాంగుల్స్ సాధారణంగా ఆ పరిమితిలోపే ఉంటాయి.

బరువు ఎంత ఉంటే పరవాలేదు?

250 గ్రాముల లోపు ఉంటే చాలామందికి బరువు గుర్తుకే రాదు. 300 దాకా సర్దుకోవచ్చు. 350 దాటితే మెడకు తెలుస్తుంది, ముఖ్యంగా కిందికి వంగి రాసేవాళ్లకు, కుట్టుపని చేసేవాళ్లకు. అందుబాటు ధరలో దొరికే ప్లానార్ (పల్చటి చదునైన పొర కంపించి పలికే రకం) హెడ్‌ఫోన్స్ శబ్దంలో మంచి పేరు తెచ్చుకున్నాయి గానీ వాటిలో చాలావాటి బరువు ఇక్కడే ఆటంకం. హైఫైమ్యాన్ హెచ్ఈ400ఎస్ఈ సుమారు 390 గ్రాములు.

అంకె ఒక్కటే చాలదు. ఆ బరువు నెత్తిన ఎంత వెడల్పున పరుచుకుంటుందో చూడాలి. సన్నటి ప్యాడ్ ఉన్న బ్యాండ్ నడినెత్తిన ఒకే చోట ఆనుతుంది. 240 గ్రాములదైనా గంట తర్వాత అక్కడ వేలితో నొక్కి పట్టినట్టుంటుంది. బ్యాండ్ కింద వేలాడే పట్టీ ఉన్న డిజైన్లు తల ఆకారాన్ని బట్టి వంగి బరువును పంచుతాయి. జుట్టు పల్చగా ఉన్నవాళ్లు, బట్టతల ఉన్నవాళ్లు ఈ తేడాను ముందుగా గమనిస్తారు.

కొత్త హెడ్‌ఫోన్ దవడలు పిండేస్తోంది. వదులవుతుందా?

కొంత అవుతుంది. కొన్ని వారాల వాడకంలో బ్యాండ్ సాగుతుంది, ప్యాడ్‌ల లోపలి ఫోమ్ మీ తలకు తగ్గట్టు కుదురుకుంటుంది. తొందరగా కావాలంటే వాడని వేళల్లో మీ తల కంటే కొంచెం వెడల్పైన పుస్తకాల దొంతర మీదో, అది వచ్చిన పెట్టె మీదో ఎక్కించి రాత్రంతా ఉంచండి. పొద్దున పెట్టుకుని చూసి, అవసరమైతే మళ్లీ. లోపల స్టీలు పట్టీ ఉన్నవాటిని సైజు మార్చే భాగం పూర్తిగా బయటికి లాగి, లోహం ఉన్న చోట చేత్తో నెమ్మదిగా వంచవచ్చు. ఉత్త ప్లాస్టిక్ బ్యాండ్‌ను మాత్రం చేత్తో విరిచి సాగదీయకండి, పటుక్కుమంటుంది.

బిగువు మరీ తగ్గినా చిక్కే. తల ఊపితే జారిపోతుంది, ప్యాడ్ చుట్టూ సందు పడి బేస్ కారిపోతుంది. పట్టు తగ్గేకొద్దీ బరువంతా నెత్తి మీదికి చేరుతుందనే సంగతి కూడా ఉంది. అందుకే పూర్తిగా వదులు చేసుకున్నవాళ్లు మళ్లీ నడినెత్తి నొప్పితో వస్తారు.

ప్యాడ్‌లో ఏమేం చూడాలి?

అన్నిటికంటే లోతు. ఇది స్పెసిఫికేషన్లలో సాధారణంగా ఉండదు, అందుకే ఎవరూ అడగరు. చెవి చుట్టూ కూర్చునే హెడ్‌ఫోన్‌లో చెవి గాలిలో ఉండాలి. చెవి కొస లోపల శబ్దం పుట్టించే డ్రైవర్ మీది గుడ్డకు తగులుతూ ఉంటే మొదటి అరగంటలో ఏమీ తెలియదు. తర్వాత అక్కడ దురద, ఆ తర్వాత మంట. చెవులు బయటికి పొడుచుకొచ్చినట్టుండేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. స్టూడియో రకం హెడ్‌ఫోన్స్‌లో చాలావాటికి ప్యాడ్‌లు పల్చగా ఉంటాయి. బేయర్‌డైనమిక్ గుండ్రటి ప్యాడ్‌లు, సెన్‌హైజర్ కోలగా ఉండే పెద్ద కప్పులు ఈ విషయంలో మెరుగు.

తర్వాత రంధ్రం సైజు. అద్దం ముందు స్కేలు పట్టుకుని మీ చెవి ఎత్తు కొలవండి. ప్యాడ్ లోపలి ఎత్తు దానికంటే ఒక సెంటీమీటరైనా ఎక్కువుండాలి. చెవి తమ్మె ప్యాడ్ కింద నలిగితే ఎంత ఖరీదైన ఫోమ్ అయినా ఉపయోగం లేదు. చెవి పోగులు పెట్టుకునేవాళ్లు వాటితో సహా కొలవాలి.

ఇక పైగుడ్డ. కృత్రిమ తోలు బయటి శబ్దాన్ని ఆపుతుంది, బేస్‌ను పట్టి ఉంచుతుంది, తుడవడం తేలిక. దాంతోపాటు చెమటనూ పట్టి ఉంచుతుంది, కొన్నేళ్లకు పొట్టు పొట్టుగా రాలుతుంది. వెలోర్, అంటే మఖమల్‌లాంటి గుడ్డ, గాలి ఆడుతుంది, చర్మానికి హాయి. దుమ్ము, వెంట్రుకలు మాత్రం వదలకుండా పట్టుకుంటుంది. వేడిగా ఉండే గదిలో నాలుగు గంటలు కూర్చునేవాళ్లకు నా ఓటు వెలోర్‌కే.

ఒక మోడల్ ప్యాడ్‌లు తీసి వేరే రకం వేస్తే సౌకర్యంతోపాటు శబ్దమూ మారుతుంది. తోలు నుంచి వెలోర్‌కు మారినప్పుడు బేస్ తగ్గడం మామూలే. ప్యాడ్ మందం పెరిగితే డ్రైవర్ చెవికి దూరమవుతుంది, దాని ప్రభావం వేరే. మార్చాక నచ్చకపోతే పాతవి వేసుకునేలా దాచి ఉంచండి.

కళ్లద్దాలు పెట్టుకుంటాను. ప్రత్యేకంగా ఏదైనా చూడాలా?

కళ్లద్దాల కాడలు ప్యాడ్‌కూ కణతకూ మధ్య నలిగి, చెవి పైభాగాన గాటు పెడతాయి. మందపాటి కాడలైతే సందు పడి బేస్ కూడా తగ్గుతుంది. బిగువు తక్కువున్న, మెత్తటి వెలోర్ ప్యాడ్ ఉన్న ఓపెన్ (కప్పు వెనకవైపు తెరిచి ఉండే) హెడ్‌ఫోన్ మీకు తగినది. ఓపెన్ రకాల్లో చాలావాటికి ఆ చిన్న సందు వల్ల శబ్దంలో వచ్చే తేడా తక్కువ. క్లోజ్డ్‌లో, అంటే వెనకవైపు మూసి ఉండేవాటిలో, ఎక్కువ. ఎక్కువ సేపు వినడానికి విడిగా సన్నటి లోహపు కాడల అద్దాలు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. కొనేటప్పుడు మీ రోజువారీ అద్దాలతోనే పెట్టుకుని చూడండి, తీసేసి కాదు.

ఓపెన్ మంచిదా, క్లోజ్డ్ మంచిదా?

గదిలో మీరొక్కరే ఉంటే ఓపెన్. కప్పు వెనకవైపు జల్లెడలా తెరిచి ఉంటుంది కాబట్టి వేడి తక్కువ చేరుతుంది, చెవిలో ఒత్తిడి పట్టినట్టుండదు, శబ్దం తల బయట ఉన్నట్టు అనిపిస్తుంది. గంటల లెక్కన వినడానికి దీన్ని మించింది లేదు.

పక్కన మనిషి ఉంటే, బయట గోల ఉంటే క్లోజ్డ్ తప్పదు. ఓపెన్ హెడ్‌ఫోన్ మీరు వినే పాటను గదంతా పంచిపెడుతుంది, గదిలోని మాటలన్నీ మీకు చేరవేస్తుంది. గోల ఉన్నచోట ఓపెన్‌తో కూర్చుంటే ఆ గోలను మించేలా వాల్యూమ్ పెంచుతారు, అది చెవులకు చేటు.

చెవి మీద ఆనే చిన్న రకాలు, చెవిలో దూర్చుకునేవి పనికిరావా?

కొందరికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. 1984లో వచ్చిన కాస్ పోర్టా ప్రో ఇప్పటికీ అమ్ముడవుతోందంటే కారణం ఉంది: తేలిక, చవక, పల్చటి ఫోమ్, 60 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 101 డెసిబెల్స్. కణతల మీద ఆనే మెత్తలు చెవి మీద భారం తగ్గిస్తాయి. దాని బ్యాండ్ లేని తమ్ముడు కేఎస్‌సీ75 చెవికి కొక్కెంలా తగులుకుంటుంది, నెత్తి మీద అసలు ఏమీ ఉండదు. ఏ హెడ్‌ఫోన్ పెట్టినా తలనొప్పి వచ్చేవాళ్లు దాన్ని ఒకసారి ప్రయత్నించాలి.

బిగువుగా చెవి మీద నొక్కే మిగతా ఆన్-ఇయర్‌లను ఎక్కువసేపటికి నేను సిఫార్సు చేయను. చెవి మృదులాస్థి ఒత్తిడిని భరించదు.

చెవిలో పెట్టుకునే ఐఈఎమ్‌లకు ఆంప్ బాధ అసలే లేదు. వాటితో ఇబ్బంది సరిగ్గా దానికి ఎదురు: సెన్సిటివిటీ మరీ ఎక్కువై, పాట లేనప్పుడు పరికరం నుంచి వచ్చే బుస్సుమనే శబ్దం కూడా వినిపించవచ్చు. చెవిలో దూరే మెత్తటి టిప్ సైజు కుదిరితే బరువు తెలియదు, కుదరకపోతే అరగంట నరకం. చెవిలో తేమ, గుమిలి ఎక్కువగా ఉండేవాళ్లు మధ్య మధ్యలో తీసి గాలి తగలనివ్వాలి.

ఒత్తిడేమీ లేదు, అయినా గంటకల్లా అలసటగా ఉంటోంది. ఎందుకు?

శబ్దం వల్ల కావచ్చు. 6 నుంచి 10 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో, అంటే ట్రెబుల్‌లో, కొన్ని హెడ్‌ఫోన్స్‌కు పదునైన శిఖరం ఉంటుంది, ఆ భాగం మిగతాదాని కంటే గట్టిగా మోగుతుంది. "స", "ష" అక్షరాలు, హై-హ్యాట్ తాళాలు చురుక్కుమని గుచ్చుతాయి. దుకాణంలో అయిదు నిమిషాలు విన్నప్పుడు అదే "ఎంత స్పష్టంగా ఉందో" అనిపిస్తుంది. గంటల తరబడి వినేవాళ్లు కొంచెం మృదువైన ట్రెబుల్‌ను ఎంచుకోవడమే మేలు. కొద్దిగా మందకొడిగా ఉందని సమీక్షకులు ముఖం చిట్లించే మోడల్ మీకు సరిగ్గా సరిపోవచ్చు.

ఈక్వలైజర్‌తో ఆ శిఖరాన్ని మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గించి చూడండి. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీవో ఉచితం. వేల మోడళ్లకు తయారుగా ఉన్న సెట్టింగులు ఆటోఈక్యూ అనే ఉచిత ప్రాజెక్టులో దొరుకుతాయి.

ఇక్కడ ఆంప్ లేనివాళ్లు గమనించాల్సిన మెలిక ఉంది. ఏదైనా పౌనఃపున్యాన్ని పెంచినప్పుడు శబ్దం పగలకుండా ఈక్వలైజర్‌లో మొత్తం వాల్యూమ్‌ను అంతే తగ్గించాల్సి వస్తుంది. బేస్ 6 డెసిబెల్స్ పెంచితే మొత్తం స్థాయి 6 తగ్గుతుంది. వోల్ట్‌కు 105 ఉన్న హెడ్‌ఫోన్ అక్కడితో 99 ఉన్నదానిలా ప్రవర్తిస్తుంది. ఈక్వలైజర్ వాడే ఉద్దేశం ఉంటే 110కి తగ్గకుండా కొనడం అందుకే.

ఇంతకీ పేర్లు చెప్పండి. ఏవి చూడాలి?

ఓపెన్‌లో ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ9500: 32 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 101 డెసిబెల్స్, పెద్ద కప్పులు, వదులైన పట్టు, ఊడదీసి మార్చుకునే వైరు. పేరున్న ఓపెన్ రకాల్లో చవకైనవాటిలో ఇదొకటి. చిన్న తలలకు కాస్త జారుతుంది, లోతైన బేస్ ఆశించకూడదు. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్: 240 గ్రాములు, వెలోర్ ప్యాడ్‌లు, పైన చూసిన వోల్ట్‌కు 110 డెసిబెల్స్. కొత్తలో బిగువు, ట్రెబుల్ కాస్త ముందుంటుంది. ఆ ట్రెబుల్ వద్దనుకునేవారికి మెత్తటి హెచ్‌డీ 599 ఉంది, బదులుగా వాల్యూమ్ నాలుగు డెసిబెల్స్ తగ్గుతుంది.

ఆడియో టెక్నికా ఏటీహెచ్-ఏడీ700ఎక్స్‌కు బ్యాండ్ బదులు తల మీద రెండు రెక్కలు ఆనుతాయి. కుదిరినవాళ్లు దాన్ని వదలరు, కుదరనివాళ్లకు చెవుల మీదికి జారుతూ చికాకు పెడుతుంది. మధ్యరకం ఉండదు, పెట్టుకుని చూడకుండా కొనొద్దు.

క్లోజ్డ్‌లో నేను ముందు చెప్పేది డీటీ 770 ప్రో 32 లేదా 80 ఓమ్‌లు. 270 గ్రాములైనా మెత్తటి ప్యాడ్‌ల వల్ల తెలియదు. వైరు ఊడదు, అదొక లోటు. 80 ఓమ్‌లదాని వైరు 3 మీటర్లు, ఫోన్‌తో తిరిగేవాళ్లకు కాళ్లకు అడ్డం. సోనీ ఎండీఆర్-7506 1991 నుంచి స్టూడియోల్లో ఉంది. 230 గ్రాములు, 63 ఓమ్‌లు, మిల్లీవాట్‌కు 106 డెసిబెల్స్, ఏ ఫోన్ అయినా చిటికెలో నడుపుతుంది. కానీ ప్యాడ్ పల్చన, ట్రెబుల్ పదును. తప్పులు పట్టడానికి పుట్టిన హెడ్‌ఫోన్ అది, సేద తీరడానికి కాదు.

నాయిస్ క్యాన్సిలింగ్ వైర్‌లెస్ కొంటే ఈ గొడవంతా ఉండదు కదా?

ఆంప్ గొడవ ఉండదు, అది లోపలే ఉంటుంది. బరువు, వేడి, ప్యాడ్ లోతు లెక్కలు అలాగే ఉంటాయి. నాయిస్ క్యాన్సిలింగ్ పెడితే కొందరికి చెవులు మూసుకుపోయిన భావన వస్తుంది. బ్యాటరీకి ఆయుష్షు ఉంది, చాలా మోడళ్లలో దాన్ని మార్చడం తేలిక కాదు. అదే ధరలో వైరుది ఎక్కువ కాలం నిలుస్తుంది. ప్రయాణాలు ఎక్కువైతే వైర్‌లెస్, బల్ల దగ్గర కూర్చునేవాళ్లకు వైరు.

హై-రెస్ స్టిక్కర్, 5 హెర్ట్జ్ నుంచి 40 కిలోహెర్ట్జ్ అనే రాతలు పట్టించుకోవాలా?

అక్కర్లేదు. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ పైన వినపడదు, వయసుతో అదీ తగ్గుతుంది.

రోజూ ఎన్ని గంటలు వినొచ్చు?

ఎంత బిగ్గరగా అన్నదాన్ని బట్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి చేసిన ప్రమాణం ప్రకారం పెద్దలకు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు, పిల్లలకు 75 దగ్గర 40 గంటలు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సమయం సగం అవుతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10 గంటలే. సౌకర్యమైన హెడ్‌ఫోన్‌తో వచ్చే అసలు ప్రమాదం ఇదే: నొప్పి లేదు కాబట్టి తీయాలని గుర్తుకు రాదు. ఫోన్‌లో హెడ్‌ఫోన్ స్థాయి చూపించే సదుపాయం ఉంటే ఆన్ చేసి ఉంచండి. తీసేశాక చెవిలో గుయ్యిమంటుంటే ఆ రోజు మోతాదు మించినట్టే. ఆ మోత తగ్గకుండా కొనసాగితే చెవి డాక్టరుకు చూపించుకోవాలి.

దుకాణంలో ఎంతసేపు పెట్టుకుని చూస్తే తెలుస్తుంది?

దుకాణంలో తెలిసేది "ఇది వద్దు" అని మాత్రమే. "ఇదే కావాలి" అన్నది ఇంట్లో తెలుస్తుంది. తిరిగి ఇచ్చే వీలున్న చోట కొని, పెట్టె, కవర్లు పారేయకుండా, మీరు మామూలుగా చేసే పనిలో కనీసం రెండు గంటలు ఏకబిగిన పెట్టుకోండి. పాట వద్దు, ఎవరైనా మాట్లాడుతున్న రికార్డింగ్ పెట్టండి. సంగీతంలో పడితే ఒత్తిడి మరిచిపోతాం. మధ్యలో ఏదైనా నమలండి, ఆవలించండి, కిందికి వంగండి. దవడ కదిలినప్పుడు ప్యాడ్ ఒరుసుకునేవి కొన్ని ఉంటాయి. తీశాక చెవి వెనక, నడినెత్తిన వేలితో తడిమి చూసుకోండి. నొప్పిగా ఉన్న చోటు దొరికితే రెండో రోజు కూడా చూసి, అదే చోట మళ్లీ నొప్పెడితే తిరిగి ఇచ్చేయండి.

పాతది కొంటే?

ఓపెన్ వైరు హెడ్‌ఫోన్స్ పాతవి కొనడం మంచి బేరమే, డ్రైవర్లు ఏళ్ల తరబడి ఉంటాయి. రెండు వైపులా సమానంగా పలుకుతున్నాయా, వైరును జాక్ దగ్గర, కప్పు దగ్గర కదిలిస్తే శబ్దం తెగుతోందా చూడండి. మెల్లగా బేస్ నోటు వినిపించి ఎక్కడైనా గరగర వస్తోందేమో వినండి, ఒక్కోసారి అది డ్రైవర్ మీద చేరిన వెంట్రుక మాత్రమే కావచ్చు. ప్యాడ్‌లు ఎలాగూ మార్చాల్సినవే. కొత్త ప్యాడ్‌ల ధరను బేరంలోనే కలుపుకుని లెక్కవేయండి, ఆ మోడల్‌కు ప్యాడ్‌లు ఇంకా దొరుకుతున్నాయో లేదో డబ్బు ఇవ్వకముందే వెతికి పెట్టుకోండి.